కోహెడలో ఇప్పుడేముంది

కోహెడ బస్సు ఎక్కడ ఆగుతుందని ఎల్బీనగర్ చౌరస్తాలో అడిగితే ఒక పెద్దమనిషి నన్ను జూబ్లీ బస్ స్టేషన్‌కు వెళ్లమన్నాడు. ఆయన చెప్పింది సిద్దిపేట జిల్లా కోహెడ. హుస్నాబాద్ వైపు ఉంటుంది, మండల కేంద్రం. నాకు కావలసింది రంగారెడ్డి జిల్లా కోహెడ, ఔటర్ రింగు రోడ్డు పక్కది. "మార్కెట్ కోహెడనా? అట్ల చెప్పు మరి" అన్నాడు పక్కనున్న ఆటో డ్రైవరు. అక్కడ మార్కెట్ లేదని నాకు తెలుసు. మాట కలిపితే ఆయనకూ తెలుసని తేలింది. "రాలే. వస్తది" అన్నాడు.

పుణె నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినందుకు నడుము పట్టేసింది. మే నెల. పొద్దున ఎనిమిదికే ఎండ మాడు పగలగొడుతోంది. చాలా ఏళ్లు పరాయి రాష్ట్రంలో బతికాక, పిల్లలు ఎవరి దారిన వాళ్లు పోయాక, ఏదైనా పల్లెలో ఇల్లు తీసుకుని ఉందామన్న ఆలోచన కొంతకాలంగా తొలుస్తోంది. నాన్నది బదిలీల ఉద్యోగం కాబట్టి నాకు సొంతూరు అంటూ గట్టిగా ఒకటి లేదు. ఎండాకాలం సెలవులన్నీ గడిపింది మాత్రం కోహెడలో, పెద్దమ్మ వాళ్లింట్లో. అందుకే మొదట అక్కడికే బయల్దేరాను.

సిటీ బస్సులో డబ్బులిచ్చి టికెట్ కొన్నవాళ్లం మగవాళ్లం కొద్దిమందిమే. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. కండక్టరు వరసగా సున్నా టికెట్లు కొట్టుకుంటూ పోయింది. సగం మంది ఎన్టీఆర్ నగర్ కూరగాయల మార్కెట్ నుంచి ఖాళీ గంపలతో తిరిగొస్తున్న వాళ్లు. నా పక్క సీటు ముందు గంప పెట్టుకుని నిలబడ్డ ఆమెను ఏం అమ్మారని అడిగాను. పాలకూర, తోటకూర, కొంచెం మెంతికూర అంది. పొలం ఎంత ఉందన్నాను.

"పొలమేడిది సారూ? ప్లాట్లల్ల పెడుతున్నం."

ఆ మాట నాకప్పుడు సరిగ్గా అర్థం కాలేదు. సాగర్ రోడ్డు మీద బస్సు బీఎన్ రెడ్డి నగర్, ఇంజాపూర్ దాటి, తుర్కయంజాల్ దగ్గర ఎడమకు తిరిగింది. ఆ మలుపు దాటితే చెలకలు మొదలయ్యేవని నా జ్ఞాపకం. ఆముదాలు, జొన్నలు, నడుమ నడుమ గుండ్లు, సీతాఫలం చెట్లు. కిటికీలోంచి చూస్తే గుండ్లు కొన్ని మిగిలాయి. మిగతాదంతా వెంచర్ల కమాన్లు, ఫ్లెక్సీలు, హార్డ్‌వేర్ దుకాణాలు, సిమెంటు ఇటుకల బట్టీలు. ఊరు ఎక్కడ మొదలైందో పట్టుకోలేకపోయాను. దిగమని కండక్టరు చెబితే దిగాను.

పాత ఊరు మాత్రం ఉంది. బొడ్రాయి ఉంది, పోచమ్మ గుడి పక్కన వేపచెట్టు ఉంది, లోపలి గల్లీల్లో గూనపెంకుల ఇళ్లు కొన్ని ఉన్నాయి. కొన్నింటికి తాళాలు. పెద్దమ్మ ఇల్లు సగం పెంకులు, సగం స్లాబు. ఎనభై దాటిన మనిషి. నన్ను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది, పట్టాక తిట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఇప్పుడా బిడ్డా వచ్చేది? మీ పెదనాయిన పోయినప్పుడు రావాలె" అంది. నేనేం మాట్లాడలేదు.

చిన్నప్పుడు ఆ ఇంట్లో పొద్దున్నే జొన్నరొట్టె, పచ్చిపులుసు ఉండేవి. నాకవి గుర్తున్నాయని చెబితే సంతోషిస్తుందనుకున్నాను. పెద్దమ్మ నవ్వింది. "జొన్నలేడున్నయిరా? ఊళ్లె ఒక్క జొన్నకర్ర సూపియ్యి. షుగరొచ్చినోళ్లు దుకానంల కొనుక్కొచ్చి తింటున్నరు." అన్న అప్పటికే బస్టాండు దగ్గరి హోటల్ నుంచి ఇడ్లీ పార్సిల్ తెచ్చాడు.

అన్న, అంటే పెద్దమ్మ కొడుకు, నాలాగే బయట బతికి తిరిగొచ్చినవాడు. బయట అంటే ఎక్కడో కాదు, ఉప్పల్. ఒక కంపెనీలో ఉద్యోగం, కిరాయి ఇల్లు, పిల్లల చదువులు, ఇరవై ఏళ్లకు పైగా అక్కడే. ఇక్కడికి ఎంతో దూరం కాదు. అయినా అన్న "నేను ఊరిడిచి పోయినప్పుడు", "ఊరికి మర్లొచ్చినంక" అనే మాట్లాడాడు, నేను పుణె గురించి మాట్లాడినట్టే. కంపెనీ మూతపడ్డాక వచ్చేశాడట. "మన ఊరే మనకు మంచిగుంటది తమ్మీ. ఈడున్నంత నిమ్మళం యాడుండదు" అన్నాడు. ఆదివారం ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద ఉప్పల్ వెళ్తాడనీ, కటింగు, చాయ్, దోస్తులు అన్నీ అక్కడేననీ ఆయన భార్య చెప్పింది. వదిన ఆ మాట అంటుంటే అన్న టీవీ గొంతు పెంచాడు.

నేను ఇల్లు కిరాయికి చూసుకోవాలంటే ముందు అడ్రసు ఏమని చెప్పాలో తేలాలి కదా అన్నాను. అదంత సులువు కాదని అప్పుడే తెలిసింది. పెద్దమ్మ ఆధార్ కార్డులో హయత్‌నగర్ మండలం అని ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలూ మండలాలూ విడగొట్టినప్పుడు కోహెడ కొత్త అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోకి వచ్చింది. ఆర్డీవో ఆఫీసు పని పడితే ఇబ్రహీంపట్నం, ఓటు కూడా ఇబ్రహీంపట్నం నియోజకవర్గానికే. 2019లో తుర్కయంజాల్ మున్సిపాలిటీలో కలిపారు కాబట్టి ఇంటిపన్ను రసీదు మీద ఆ పేరు. ఒకే ఇంటికి వచ్చిన కాగితాలు అన్న నా ముందు పరిచాడు. ఏ రెండిటిమీదా ఒకే తీరు అడ్రసు లేదు. కొరియర్ పిల్లలకు మాత్రం ఇవేవీ అక్కర్లేదట. ఫోన్ చేసి "పండ్ల మార్కెట్‌కు ఇటా, అటా" అని అడుగుతారట.

మున్సిపాలిటీ అయ్యాక ఏం మారిందని గల్లీలో అరుగుల మీద కూర్చున్న వాళ్లను అడిగాను. మగవాళ్లు సీసీ రోడ్లు, లైట్లు, ఇంటి పర్మిషన్లు ఆన్‌లైన్ కావడం గురించి చెప్పారు. ఒక ముసలామె ఒకే ముక్క చెప్పింది. "కార్డు పని బందయింది." ఉపాధి హామీ గ్రామ పంచాయతీలకే. పంచాయతీ పోగానే ఆ పనీ పోయింది. కాలువ పూడిక తీయడానికో గుంతలు తవ్వడానికో పోయిన వాళ్లలో కొంతమంది ఇప్పుడు వెంచర్లలో మొక్కలకు నీళ్లు పోస్తున్నారనీ, కొంతమంది వనస్థలిపురంలో ఇళ్లల్లో పనికి పోతున్నారనీ చెప్పింది. "బస్సు ఫిరీ గదా" అని చివర కలిపింది. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో నాకు తెలియలేదు.

సాయంత్రం ఎండ తగ్గాక అన్న స్కూటర్ మీద మార్కెట్ స్థలం చూపించడానికి తీసుకెళ్లాడు.

ఆ కథ ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే కోహెడలో ఎవరితో ఏ మాట మొదలుపెట్టినా అక్కడికే వచ్చి ఆగింది. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 1986 నుంచి నడిచింది. మొత్తం 22 ఎకరాలు. మామిడి కాలంలో లారీలు దిల్‌సుఖ్‌నగర్ దాకా నిలిచిపోయేవి. దాన్ని ఊరి బయటకు పంపాలనుకున్నప్పుడు కోహెడలో 178 ఎకరాలు చూశారు. 2020 వేసవిలో కరోనా వచ్చింది. రద్దీ వద్దన్నారు. మామిడి వ్యాపారం వరకు ఉన్నపళాన కోహెడకు తెచ్చి, తాత్కాలికంగా రేకుల షెడ్లు వేశారు. మే మొదటి వారంలో గాలివాన లేచి ఆ షెడ్లను కూల్చేసింది, మనుషులకు దెబ్బలు తగిలాయి, వ్యాపారం ఇక్కడి నుంచి వెళ్లిపోయింది. తర్వాత 2022లో గడ్డిఅన్నారం మార్కెట్టే ఖాళీ అయింది. ఆ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి అదే ఏడాది శంకుస్థాపన జరిగింది. పండ్లన్నీ విజయవాడ హైవే మీది బాటసింగారానికి చేరాయి. కోహెడకు స్థలమూ పేరూ మిగిలాయి.

అన్న మాత్రం ఆ కొద్ది రోజుల గురించి ఒక తిరునాళ్ల గురించి చెప్పినట్టు చెప్పాడు. దేశమంతా ఇళ్లల్లో తలుపులేసుకుని ఉంటే కోహెడ రోడ్డు మీద రాత్రీ పగలూ లారీలట. కొల్లాపూర్ నుంచి, జగిత్యాల నుంచి, ఖమ్మం నుంచి, కృష్ణా జిల్లా నుంచి. ఊళ్లోవాళ్లు చాయ్ పోశారు, అన్నం వండి పెట్టారు, మంచాలు కిరాయికిచ్చారు. బేనిషాన్ మాగిన వాసన పోచమ్మ గుడి దాకా వచ్చేదట. "ఆ పది దినాలు మేం బతికినం తమ్మీ" అన్నాడు. ఆయన పది అన్నాడు, దారిలో కలిసిన ఇంకొకాయన నెల అన్నాడు. ఎవరి లెక్క నిజమో అడిగి తేల్చుకోవాలనిపించలేదు.

స్థలం దగ్గర చూసింది చెబుతాను. ఎత్తైన మెరక నేల, బండలు, తుమ్మచెట్లు. చుట్టూ అడ్డం లేదు, గాలి నేరుగా మొహానికి కొట్టింది. షెడ్లు ఎందుకు నిలవలేదో వివరం అడగాల్సిన పని లేకపోయింది. మేకలు కాస్తున్న కుర్రాడు ఫోన్లో రీల్స్ చూస్తున్నాడు. ఇక్కడ ఏం వస్తుందని అడిగితే తల ఎత్తకుండా "ఏషియాల పెద్ద మార్కెట్" అన్నాడు.

తిరుగు దారిలో ఒక లేఅవుట్ దగ్గర అన్న బండి ఆపాడు. పొద్దున బస్సులో ఆమె చెప్పిన మాట అక్కడ అర్థమైంది. నలభై అడుగుల రోడ్డు, కరెంటు స్తంభాలు, నంబర్లు వేసిన హద్దురాళ్లు, నాలుగైదు ఇళ్లు. మిగతా ప్లాట్లలో కొన్నింటిని చిన్న మళ్లు చేసి పాలకూర, తోటకూర పెంచుతున్నారు. మడికి మడికి నడుమ గట్టు ఉండాల్సిన చోట హద్దురాయి. ఒక ఇంటి బోరు నుంచి పైపు వేసుకున్నారు, నీళ్లకు బదులు ఆ ఇంటికి కూర. ప్లాటు యజమానులు అమెరికాలో ఉన్నారనీ, చెత్త పడకుండా శుభ్రంగా ఉంటుంది కాబట్టి ఏమీ అనరనీ అన్న చెప్పాడు. ఆ మళ్లల్లో వంగి కూర కోస్తున్న ఒకామె ఆ భూమి ఒకప్పుడు తమ మామదేనంది. ఎన్ని ఎకరాలని అడిగితే ఎకరం ముప్ఫై గుంటలని ఠక్కున చెప్పింది. ఇప్పుడు సాగు చేస్తున్నది ఎంతని అడిగితే అంతే ఠక్కున "ఆరొందల గజాలు" అంది. గుంటకు 121 గజాలు. అంటే దాదాపు అయిదు గుంటలు. నేను లెక్క కడుతుంటే ఆమె తల ఊపి మళ్లీ పనిలో పడింది. ఆమె చెప్పిన భూమి అదేనా కాదా అన్నది పాస్ బుక్కు చూస్తే తప్ప తెలిసేది కాదు, అడిగే హక్కు నాకు లేదు.

పెద్దమ్మ వాళ్లు కూడా అమ్మారు. రింగు రోడ్డు మాట పుట్టిన కొత్తలో. ఆ రేటు గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. అన్న మాత్రం దారిలో ఒకచోట చెయ్యి చూపించి "గది మనదే ఉండె" అన్నాడు. చూస్తే మూడంతస్తుల ఇల్లు, గేటు మీద టూలెట్ బోర్డు.

నాక్కావలసింది అదే కాబట్టి మర్నాడు పొద్దున వెళ్లి అడిగాను. దానికి ముందు ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసుకు కూడా వెళ్లాను, అన్న ఎవరో తెలుసన్నాడని. ఏసీ గది, గోడ నిండా మ్యాపు. మ్యాపులో దూరాలన్నీ నిమిషాల్లో రాసి ఉన్నాయి. ఎల్బీనగర్ మెట్రో ఇరవై, ఆదిబట్ల టీసీఎస్ పది, రామోజీ ఫిల్మ్ సిటీ పది, ఎయిర్‌పోర్టు ఇరవై అయిదు. నేను ఎల్బీనగర్ నుంచి రావడానికి గంటకు పైనే పట్టిందని అన్నాను. "మీరు బస్సుల వచ్చిన్రు కదా సార్" అన్నాడు ఆ కుర్రవాడు, చాలా మర్యాదగా. 158 కిలోమీటర్ల ఔటర్ గురించీ, పక్కనే తొర్రూరులో 2022లో హెచ్‌ఎండీఏ ప్లాట్లు వేలం వేసిన సంగతీ గడగడా చెప్పాడు. అవి నిజాలే. ఆపైన మరికొన్ని చెప్పాడు. అవి రాబోయేవి కాబట్టి నిజమో కాదో ఇప్పుడు తేలేది కాదు. చివరికి "ఇన్వెస్ట్‌మెంట్ కోసమా సార్?" అన్నాడు. ఉండటానికన్నాను. కాస్త తడబడ్డాడు. "ఇప్పుడేనా?" అన్నాడు.

మూడంతస్తుల ఇంటి ఓనరు ఎవరూ అక్కడ ఉండరు. కింద వాటాలో ఒడిశా నుంచి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీ కుటుంబం, పైన ఆదిబట్లలో పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు. ఓనరు ఫోన్లో మాట్లాడాడు. కిరాయి చెప్పాడు. పుణె శివార్లలో నేను ఇస్తున్నదానికి పెద్ద తేడా లేదు. నీళ్లెట్లా అంటే బోరుంది, ఎండాకాలం ఒక్క రెండు నెలలు ట్యాంకర్ అన్నాడు. బోరెంత లోతని మేస్త్రీని అడిగితే వెయ్యి అడుగులన్నాడు. అన్న కొట్టిపారేశాడు, అంత ఉండదన్నాడు. ఎంతుంటుందో ఆయనా చెప్పలేదు. మేస్త్రీ భార్య తెలుగు బాగా మాట్లాడింది, ఈ ఊరి యాసలోనే. వాళ్ల పిల్ల ఇక్కడి సర్కారు బడిలోనే చదువుతోంది. నిన్నటి నుంచి నేను కలిసిన వాళ్లలో కోహెడలో ఏ దుకాణంలో ఏది బాగుంటుందో, నల్లా ఏ పూట వస్తుందో, ఏ డాక్టరు ఎన్నింటికి ఉంటాడో వెంటవెంటనే చెప్పింది ఆమె ఒక్కతే. మిగతావాళ్లలో కొందరు ఊరెట్లా ఉండెనో చెప్పారు, కొందరు ఊరెట్లా అయితదో చెప్పారు.

రాత్రి మిద్దె మీద పడుకున్నాం. గాలి మాత్రం హాయిగా వీచింది, అది ఒప్పుకోవాలి. ఔటర్ మీద లారీల రొద తెల్లవార్లూ ఆగలేదు. చెవి మీద తలగడ పెట్టుకుని చూశాను, దుప్పటి కప్పుకుని చూశాను. పొద్దున లేచి చెంబుతో మొహం కడుక్కుంటుంటే అన్న అడిగాడు, "నిద్ర బాగ వట్టిందా? ఉప్పల్ల గిట్ల ఉండదు తమ్మీ, సప్పుడే సప్పుడు."

వెనకటికి ఇంటి నుంచి బయల్దేరి బాయి దాకా చెప్పుల్లేకుండా నడిచేవాళ్లం. అదే దారిన వెళ్లి చూద్దామని పెద్దమ్మ మనవణ్ని తోడు తీసుకుని బయల్దేరాను. రింగు రోడ్డు కట్ట ఎదురైంది. కంచె. అవతలికి పోవాలంటే సర్వీసు రోడ్డు పట్టుకుని అండర్‌పాస్ దాకా పోయి, మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. బర్రెలు కూడా అట్లాగే పోతున్నాయి, క్రమంగా ఒకదాని వెనక ఒకటి, సర్వీసు రోడ్డు ఎడమ అంచునే. కాసే మనిషి వెనక ఎక్కడో ఉన్నాడు. మేం మోటబావి ఉండాల్సిన చోటుకు చేరేసరికి ఎండ ఎక్కింది. అక్కడ పార్కు కోసం వదిలిన జాగా, పిల్లల జారుడుబల్ల ఒకటి ఉన్నాయి. బావి దానికిందే పూడ్చారని పిల్లవాడు చెప్పాడు. వాడు బావిని చూసిన వయసువాడు కాదు. బావి ఇంకా అవతల ఉండేదని, ప్రహరీ లోపల పడిందని పెద్దమ్మ తర్వాత చెప్పింది. ఆమె అటువైపు వెళ్లి చాలా ఏళ్లయింది.

మధ్యాహ్నం సెలవు తీసుకున్నాను. పెద్దమ్మ సంచీలో మామిడికాయ తొక్కు పెట్టింది. కాయలు ఎక్కడివని అడిగితే బాటసింగారం నుంచి అన్న తెచ్చాడంది. కిరాయి సంగతి ఏం చేశావని వదిన అడిగింది. ఆలోచిస్తానన్నాను. "ఆలోచన చెయ్యి, గని తొందరగ చెయ్యి. మార్కెట్ వస్తే నీకు దొరకదు" అన్నాడు అన్న.

నేను సూర్యాపేట పోవాల్సి ఉండటంతో అన్న నన్ను పెద్ద అంబర్‌పేట మీదుగా బాటసింగారం దాకా దింపాడు. పండ్ల మార్కెట్ రోడ్డు పక్కనే. మామిడి కాలం కాబట్టి లోపల కాలు పెట్టే సందు లేదు. ప్లాస్టిక్ ట్రేల గోడలు, ఎండుగడ్డి, లారీ హారన్లు, వేలం పాడేవాళ్ల కేకలు. బస్సు వచ్చేదాకా ఒక కమీషన్ దుకాణం ముందు నీడలో నిలబడ్డాను. ట్రేలు దించుతున్న హమాలీ ఒకతను నీళ్లు తాగడానికి ఆగి, ఎటునుంచి వస్తున్నారని అడిగాడు. కొల్లాపూర్ వైపు మనిషి. గడ్డిఅన్నారంలో చేశాడట, ఆ వేసవి కోహెడలోనూ మోశాడట, ఇప్పుడిక్కడ. కోహెడ నుంచి అనగానే దగ్గరకొచ్చాడు.

"మార్కెట్ ఆడికే వోతదంటున్నరు. ఆడ రూములున్నయా సార్? కిరాయి ఎంతుంది?"

రూములు చాలానే ఉన్నాయని చెప్పాను. ఓనరు నాకు ఫోన్లో చెప్పిన మొత్తం చెప్పాను. వాటాకా, రూముకా అని అడిగాడు. వాటాకేనన్నాను. రెండు గదులు, వంటిల్లు, ట్యాంకరు ఖర్చు వేరే. నలుగురం కలిసుంటే ఒక్కొక్కరికి ఎంత పడుతుందో వేళ్ల మీద లెక్క కట్టాడు. నీళ్ల గురించి మళ్లీ అడిగాడు. బోరు వెయ్యి అడుగులట అన్నాను.

"గంతనా? అయితే ఈడనే నయం" అని, తలకు తువ్వాల చుట్టుకుని లారీ వైపు పోయాడు.